ఆరు తట్టల మంచు

నమోదు 611

లేవగానే కొండకు పోయి మంచు కొట్టుకొచ్చాను. శని ఉపగ్రహమైన ఈ టైటాన్ మీద కొండలన్నీ మంచువే. అయితే అది సోడా బండి మీద కనిపించే మంచు కాదు, కంకరరాయి. గునపం పోటుకు చిట్లిన ముక్క పైకి లేచి, తీరిగ్గా కిందికి దిగుతుంది. వస్తువులు తేలిగ్గా తూగే చోటు కాబట్టి నిండిన స్లెడ్జిని ఒంటిచేత్తో లాక్కురావచ్చు. చలి మాత్రం చెప్పలేనిది. వెచ్చని సూటు, మొహానికి మాస్కు లేకుండా గుమ్మం దాటితే అంతే సంగతులు.

ఆ మంచును కరిగించి సెల్లులో, అంటే నీటిని విడగొట్టే తొట్టిలో పోస్తాను. కరెంటు పంపితే నీరు రెండుగా విడిపోతుంది. హైడ్రోజన్‌ను గొట్టం గుండా బయటికి వదిలేస్తాను. ఆక్సిజన్‌ను చల్లార్చి ట్యాంకులో నింపుతాను. ఇదే నా ఉద్యోగం. స్టేషన్ ముందు కనుచూపు మేర మీథేన్ సరస్సు. ఎంత కావాలంటే అంత ఇంధనం, ముంచుకోవడమే. కానీ బయట అగ్గిపుల్ల గీస్తే అంటుకోదు, ఇక్కడి గాలిలో ఆక్సిజన్ లేదు. భూమి మీద నూనె కొనుక్కునేవాళ్ళం, గాలి ఊరికే వచ్చేది. ఇక్కడ నూనె ఊరికే ఉంది, గాలిని చేసుకోవాలి.

ఒకప్పుడు ఈ స్టేషన్‌లో నలుగురం ఉండేవాళ్ళం. ఓడల రాక తగ్గాక ముగ్గురు ఒకరి తర్వాత ఒకరు వెళ్ళిపోయారు, వాళ్ళ స్థానంలో ఎవరూ రాలేదు. సెల్లు అలారం మోగితే ఈమధ్య నేను "వస్తున్నా" అని పైకే అంటున్నాను. మొదట్లో నవ్వొచ్చేది. ఇప్పుడు రావడం లేదు.

భోజనం ముందు లింబాద్రి రేడియోలో పిలిచాడు. సరస్సుకు అవతలి ఒడ్డున, మూడు వందల కిలోమీటర్ల దూరంలో పంపు స్టేషన్ అతనిది. అక్కడా ఒక్కడే. ఊరు భీంగల్ దగ్గర, నాది సోంపేట. నన్ను అక్కా అంటాడు. రెండేళ్ళుగా రోజూ మాట్లాడుకుంటున్నాం, ఒకరి మొహం ఒకరం చూడలేదు. మధ్యలో ఉన్న స్తంభాలు గొంతును మోస్తాయి, బొమ్మను మోయవు.

అతను ఆపరేటర్ పరీక్షకు చదువుతున్నాడు. పాసైతే శని చుట్టూ తిరిగే వలయం స్టేషన్‌లో ఉద్యోగం దొరుకుతుందట. అక్కడ నలభై మంది ఉంటారు. నేను కెమిస్టుని కాబట్టి లెక్కలు చెబుతున్నాను. ఇవాళ ఒకటిచ్చాను: పది కిలోల మీథేన్ ఉంది, ముప్పై కిలోల ఆక్సిజన్ ఉంది, మండిస్తే ముందు ఏది అయిపోతుంది?

మీథేన్ అన్నాడు. పది కంటే ముప్పై ఎక్కువ కదా అన్నాడు. అందరూ చేసే తప్పే. ఒక మీథేన్ అణువు కాలడానికి రెండు ఆక్సిజన్ అణువులు కావాలి, బరువులోకి మారిస్తే పదహారుకు అరవై నాలుగు, అంటే ఒకటికి నాలుగు. పది కిలోల మీథేన్‌కు నలభై కిలోల ఆక్సిజన్ ఉండాలి. ఉన్నది ముప్పై. ముందు అయిపోయేది ఆక్సిజనే, రెండున్నర కిలోల మీథేన్ కాలకుండా మిగిలిపోతుంది. ఏది తక్కువ తూగిందని కాదు చూడవలసింది, ఏది ముందు అడుగంటుతుందని.

కాగితం మీద పెన్సిలు గీసిన చప్పుడు వినిపించింది. తర్వాత అన్నాడు: "మా నాయనమ్మ చిన్నప్పుడు బీడీలు చుట్టేదట అక్కా. ఆకు గంపెడున్నా, తంబాకు అయిపోతే చేతులు కడుక్కొని లేసుడే. గదే గదా నువ్వు చెప్పేది?"

అదేనన్నాను. ఇరవై ఏళ్ళు పాఠం చెప్పినవాళ్ళు కూడా అంత బాగా చెప్పరని మనసులో అనుకున్నాను, పైకి అనలేదు. అంటే ఆ రోజుకి చదువు మానేస్తాడు.

నమోదు 612

వాన. ఇక్కడి చినుకులు ఉసిరికాయలంత ఉండి, దూదిలా దిగుతాయి. మీథేన్ వాన. కిటికీ మీద పడి జారుతుంటే చూస్తూ కూర్చున్నాను.

లింబాద్రి లెక్కలు ఏడింటిలో ఆరు ఒప్పు చేశాడు. మిగిలింది తూకాన్ని అణువుల లెక్కలోకి మార్చకుండానే భాగించాడు. ఒప్పుకోవడానికి కొంచెం పేచీ పెట్టి ఒప్పుకున్నాడు. తర్వాత ఏదో మాటల్లో చెప్పాడు: రెండు గదుల్లో రెండు అలారాలు పెట్టుకుంటాడట, ఒకటి మోగిన కాసేపటికి రెండోది మోగేట్టు. పక్క గదిలో ఇంకెవరో లేస్తున్నట్టు ఉంటుందట. చెప్పాక తనే సిగ్గుపడి, అలారం ఒకటి చెడిపోతే ఇంకొకటి ఉంటుందని అలా పెట్టానన్నాడు. నేను నమ్మినట్టే ఊరుకున్నాను.

నమోదు 614

లింబాద్రి స్టేషన్‌లో కరెంటు పోయింది.

మంచు కొండ కదిలి, దాని కింద నుంచి వచ్చే కేబుల్ తెగిపోయిందట. కొండ లోపల ఎక్కడో తెగింది, తవ్వి అతికించడం ఒక్కడి వల్ల కాదు. అక్కడి సెల్లు ఆగిపోయింది. విద్యుత్ హీటర్లు ఆగిపోయాయి. మీథేన్ పొయ్యి వెలిగించుకుని ఒక గదిలోకి చేరాడు. ట్యాంకులో నూట ఇరవై కిలోల ఆక్సిజన్ ఉంది.

అతనికి ముందు అర్థం కానిది ఇదే. మనిషి ఊపిరికి రోజుకు కిలో ఆక్సిజన్ కూడా పట్టదు, నూట ఇరవై అంటే నాలుగు నెలలు కదా అన్నాడు. నేను పొయ్యి లెక్క వెయ్యమన్నాను. ఆ ఒక్క గదిని వెచ్చగా ఉంచడానికి రోజుకు ఏడు కిలోలు కావాలి. ఊపిరికి ఒకటి, వెచ్చదనానికి ఏడు. నూట ఇరవైని ఎనిమిదితో భాగిస్తే పదిహేను రోజులు. సరస్సు నిండా మీథేన్ పెట్టుకుని చలికి చచ్చిపోతానా అన్నాడు.

వలయం స్టేషన్‌కు కబురు పెట్టాను. డ్యూటీలో ఉన్నావిడ మర్యాదగానే చెప్పింది: కిందికి దిగగలిగే ఓడ ఒక్కటే ఉంది, అది శనికి అవతలి వైపు ఉంది, ఆరు వారాలకు ముందు రాలేదు. ఆమె గొంతులో బాధ ఉంది. బాధ పడినంత మాత్రాన ఓడ తొందరగా రాదు.

నేను ఆక్సిజన్ తీసుకెళ్ళి ఇవ్వవచ్చు. కానీ ఆరు వారాలకు, అతని దగ్గర ఉన్నది పోను, ఇంకా రెండు వందల కిలోల పైమాట, నా పడవ అంత మోయదు. అతనే ఇక్కడికి రావడం నయం. నా సెల్లు ఇద్దరికీ సరిపడా చేస్తుంది. అతని పడవ బాగానే ఉంది. పడవ ఇంజనూ మీథేన్‌తోనే నడుస్తుంది, మీథేన్ సరస్సులోంచే పీల్చుకుంటుంది. మోసుకెళ్ళవలసింది ఆక్సిజన్ ఒక్కటే. ఇంజను వేడి క్యాబిన్‌కు సరిపోతుంది కాబట్టి వేరే పొయ్యి అక్కర్లేదు.

ఎంత వేగంతో రావాలన్నది అతన్నే లెక్క కట్టమన్నాను. గంటకు ఐదు కిలోమీటర్లు నడిపితే గంటకు కిలో ఆక్సిజన్ పోతుంది. అరవై గంటల ప్రయాణం, అరవై కిలోలు. వేగం రెండింతలు చేస్తే ఇంజను గంటకు ఎనిమిదింతలు తాగుతుంది, సమయం సగానికే తగ్గుతుంది. రెండు వందల నలభై కిలోలు. అతనికి ఉన్నది నూట ఇరవై.

"అంటే ఉరికితే సస్త, నడిస్తే బతుకుత," అన్నాడు.

సర్దుకోవడానికి వెళ్ళాడు. నేను ఖాళీగా ఉన్న గదుల్లో ఒకటి తెరిచి తుడిచాను. పరుపు మీద పలచగా మంచు పొడి పేరుకుని ఉంది. ఆ గదిలో హీటరు మళ్ళీ వెయ్యడం రెండేళ్ళ తర్వాత ఇదే.

నమోదు 615

బయల్దేరాడు. రేడియోలో ఇంజను చప్పుడు సన్నగా వినిపిస్తోంది, కుట్టుమిషన్‌లా. ప్రతి రెండు గంటలకూ పిలుస్తున్నాడు. పెద్దగా చెప్పేదేమీ లేదు. చుట్టూ నారింజ రంగు పొగమంచు, కింద నల్లటి సరస్సు, ఒడ్డు కనబడదు.

ఇంజను పొగగొట్టం ఒక పని పెడుతుంది. మీథేన్ కాలితే నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ వస్తాయి. బయటి చలికి ఆవిరి గొట్టం చివర్లోనే మంచై పోతుంది. కార్బన్ డయాక్సైడ్ ఇంకొంచెం దూరం పోయి తెల్లటి పొడిలా సరస్సు మీద రాలుతుంది. గొట్టం కింద ఒక తట్ట ఉంటుంది, అది నిండగానే మంచును పారబొయ్యాలి, లేకపోతే గొట్టం పూడుకుపోయి ఇంజను ఆగిపోతుంది. దానికోసం క్యాబిన్ లోంచి బయటికి వచ్చి వంగాలి. నడుం పట్టేస్తోందని లింబాద్రి విసుక్కున్నాడు. నేను రేడియో పక్కనే కునుకు తీస్తున్నాను.

నమోదు 616

ఇరుకు దాటాడు. సరస్సు రెండు కొండల మధ్య సన్నబడే చోటు అది. శని లాగే లాగుడికి అక్కడ పోటు, పాటు ఉంటాయి. ఎదురు ప్రవాహం వస్తుందని తెలుసు, అంత బలంగా వస్తుందనుకోలేదు. ఐదు మీద నడిపితే పడవ ఉన్నచోటే ఉండిపోయిందట, వెనక్కి కూడా పోయిందట. ఇంజను పెంచక తప్పలేదు. చాలాసేపు పెంచే నడిపాడు.

దాటాక పిలిచాడు. గొంతు అలిసిపోయి ఉంది. ఇంకా నూట ఎనభై కిలోమీటర్లు ఉంది, మెల్లగా నడిపితే ముప్పై ఆరు కిలోల ఆక్సిజన్ కావాలి.

"ఎంత మిగిలింది?" అన్నాను.

"నలభై అక్కా. సరిపోతది."

ప్రాణం లేచొచ్చింది. కాసేపు అవీ ఇవీ మాట్లాడాం. ఇక్కడికి రాగానే ఏం తింటావని అడిగాను, వేడిగా ఏదైనా సరే అన్నాడు. నడుం ఎలా ఉందని అడిగితే, ఇప్పటికి ఆరు తట్టలు ఎత్తిపోసిన, ఇంక నడుం నాది కాదన్నాడు. నవ్వి పెట్టేశాను.

మంచు తెచ్చుకోవడానికి సూటు తొడుక్కుంటున్నప్పుడు, ఒక చెయ్యి సూటులో ఉండగా, ఆగిపోయాను.

తట్టకు తొమ్మిది కిలోల మంచు పడుతుంది. నా పడవకూ అదే తట్ట. ముప్పై ఆరు బరువు నీరు రావాలంటే అరవై నాలుగు బరువు ఆక్సిజన్ ఖర్చు కావాలి. తొమ్మిదికి పదహారు. ఒక్కో తట్ట వెనకా పదహారు కిలోల ఆక్సిజన్ ఉంది. ఆరు తట్టలంటే తొంభై ఆరు. ఊపిరికి ఒక రెండు వేసుకుందాం. నూట ఇరవైలో తొంభై ఎనిమిది పోతే మిగిలేది ఇరవై రెండు. నలభై కాదు.

ఇంకోసారి వేశాను. తట్టలు నిండకుండానే పారబోశాడేమో అనుకున్నాను. అతను అలా చేసే మనిషి కాదు, తట్ట అంచు దాటి పోగయ్యేదాకా బయటికి పోడు, అంత బద్ధకం. మీటరు తప్పు చూశాడేమో అనుకున్నాను. రెండేళ్ళుగా మీటర్లు చదవడమే అతని ఉద్యోగం.

తొడుక్కున్న చెయ్యి విప్పి రేడియో దగ్గరకు పోయాను.

"లింబాద్రీ, ఎన్ని తట్టలు పారబోశానన్నావు?"

"ఆరు. ఎందుకక్కా?"

"ఒక్కో తట్టకి ఎంత ఆక్సిజన్ పోయినట్టో లెక్క కట్టి చెప్పు."

ఇంజను చప్పుడు మాత్రం వినిపించింది. తర్వాత అన్నాడు: "పదహారు."

"మీటరు ఎంత చూపిస్తోంది?"

"ఇరవై రెండు."

నాకు కోపం రావాలి. రాలేదు. ముప్పై ఆరు కావాలి కాబట్టి నలభై చెబితే నమ్ముతావనుకున్నానన్నాడు. మరీ ఎక్కువ చెబితే అనుమానం వస్తుందని నాలుగే కలిపాడట. అబద్ధాన్ని కూడా లెక్క ప్రకారం ఆడాడు.

"నువ్వు రాకు అక్కా. నువ్వొస్తే ఆడ సెల్లు గడ్డకడతది. గడ్డకడితే పగులుతది. అప్పుడు నాకూ లేదు, నీకూ లేదు. రెండు స్టేషన్లు పోవుడెందుకు?"

అతను చెప్పినదాంట్లో తప్పు లేదు. సెల్లుకు మంచు వెయ్యకపోతే లోపలి నీరు రెండు రోజులు నిలుస్తుంది. ఆ తర్వాత గొట్టాల్లో గడ్డకడుతుంది. నేను అతనికి ఎదురెళితే ఇద్దరం చెరి సగం దూరం, పద్దెనిమిది గంటల్లో కలుస్తాం. నాకు వెనక్కి పద్దెనిమిది. రెండు రోజుల లోపే. అతని ఇరవై రెండు కిలోలు ఇరవై రెండు గంటలు వస్తాయి. సరిపోతుంది, కానీ ఏ ఒక్కటీ అటూ ఇటూ కాకూడదు.

ఇదంతా అతనికి చెప్పాను. ఐదు దాటవద్దని, దీపం వెలిగించి ఉంచమని, గంటకోసారి పిలవమని చెప్పాను.

"మంచిది," అన్నాడు. ఆ ఒక్క మాటలో ఎంత భయపడి ఉన్నాడో అప్పుడు తెలిసింది.

నమోదు 617

పడవలో రాస్తున్నాను. వంద కిలోల ఆక్సిజన్ ఎక్కించాను, అంతకంటే పట్టదు. సెల్లును నింపగలిగినంత నింపి, గుమ్మం వేసి వచ్చాను.

ఇన్నేళ్ళలో ఈ సరస్సు మీద ఒడ్డు కనబడనంత దూరం నేనెప్పుడూ రాలేదు. అవసరం పడలేదు. సరస్సు నూనె పోసినట్టు ఉంది, అల లేదు. పడవ వెనక కార్బన్ డయాక్సైడ్ పొడి తెల్లటి గీతలా రాలి, మునిగిపోతోంది. శని ఎక్కడో పైన ఉంటుంది, ఈ పొగమంచులోంచి కనబడదు. గంటకోసారి లింబాద్రి పిలుస్తున్నాడు. ఇంత అయిందని సమయం చెప్పి, ఆక్సిజన్ ఎంతుందో చెప్పి పెట్టేస్తున్నాడు. ఇప్పుడు చెప్పేవి నిజం అంకెలు.

ఒకసారి మాత్రం అడిగాడు, నాకు భయమేస్తోందా అని. లేదన్నాను. సరే, నాక్కూడా లేదన్నాడు.

*

నేను బయల్దేరిన పదకొండో గంటకు లింబాద్రి పిలవలేదు.

నేను పిలిచాను. జవాబు లేదు. పావుగంట ఆగి మళ్ళీ పిలిచాను. తిట్టాను కూడా. రేడియో గుయ్‌మంటోంది తప్ప మరో చప్పుడు లేదు. కుట్టుమిషన్ చప్పుడు కూడా లేదు.

ఇంజను ఆగిపోయి ఉండాలి. ఇంజను ఆగితే వెచ్చదనం ఆగుతుంది. అతను కదలడం లేదనుకుంటే మా మధ్య డెబ్బై కిలోమీటర్లు. ఇదే వేగంతో పోతే పద్నాలుగు గంటలు. ఆ చలిలో అన్ని గంటలు ఎవరూ ఆగరు. వేగం రెండింతలు చేస్తే ఏడు గంటలు, గంటకు ఎనిమిది కిలోలు, యాభై ఆరు. ఇప్పటికి పోయినవి పదకొండు. ఇద్దరితో తిరిగి రావడానికి ఇరవై ఐదు. మొత్తం తొంభై రెండు. తెచ్చినవి వంద.

మీట పూర్తిగా ముందుకు తోశాను. నా లెక్కలో ఒక అంకె కూడా నాకు తెలియనిది కాదు. ఒకటే తెలియనిది ఉంది, దాన్ని లెక్కలో వేసుకోలేదు.

దారిలో నాలుగుసార్లు ఆపి, బయటికి పోయి తట్ట పారబోశాను. రెండోసారి వంగినప్పుడు అర్థమైంది అతనికి ఏమై ఉంటుందో.

నమోదు 618

దీపం కనబడలేదు. దగ్గరికి వచ్చాక రేడియోలో సన్నగా టిక్‌టిక్ వినిపించింది, బ్యాటరీ మీద నడిచే గుర్తు పంపే పెట్టె అది. దాని మీదే దారి పట్టుకుని వెళ్ళాను. పొగమంచులోంచి పడవ ఒక్కసారిగా ఎదురొచ్చింది, గుద్దుకున్నంత పనైంది.

పొగగొట్టం నిండా మంచు. తట్ట ఒరిగిపోయి, మంచు గొట్టం మూతి దాకా పేరుకుపోయి, కర్పూరం బిళ్ళలా బిగుసుకుంది. తాడు వేసి అతని పడవలోకి దిగాను. క్యాబిన్ లోపల గోడలన్నీ తెల్లగా ఉన్నాయి. అతను రెండు సూట్లు, ఉన్న దుప్పట్లన్నీ చుట్టుకుని మూలన ముడుచుకుని ఉన్నాడు. మాస్కు అద్దం మీద ఆవిరి వస్తూ పోతూ ఉంది. దాన్ని చూస్తూ కాసేపు అలాగే నిలబడ్డాను. కదలాలని తట్టలేదు.

కుడి చేతికి తొడుగు సగం ఊడి ఉంది. ఈసారి భయానికి తట్ట నిండకముందే ఎత్తబోతే సరస్సులో చెయ్యి పడిందట. రెండు వేళ్ళు సున్నంలా తెల్లబడి ఉన్నాయి. ఆ చేత్తో గొట్టంలోని మంచు పగలగొట్టలేక, ఎడమ చేత్తో గునపం పట్టి కొడితే అది జారి సరస్సులో పడిపోయిందట. రేడియో ఇంజను కరెంటు మీదే నడుస్తుంది. ఇవన్నీ తర్వాత చెప్పాడు.

ముందు అన్నది వేరు. నా పడవ క్యాబిన్‌లోకి లాక్కొచ్చి, మాస్కు తీసి, గోరువెచ్చటి నీళ్ళు పెదాలకు అందించాక కళ్ళు తెరిచి నన్ను చూశాడు. నేనూ చూశాను. నలభై దాటిన మనిషి, చిన్న మొహం, గడ్డంలో తెల్లవెంట్రుకలు. గొంతు విని నేను ఊహించుకున్న మనిషికి, ఇతనికి ఎక్కడా పోలిక లేదు.

"నువ్వు గింత పొట్టిగుంటవనుకోలే అక్కా," అన్నాడు.

తర్వాత ఏడ్చాడు. నేను ఇంజను వైపు తిరిగి మీట సర్దుతూ కూర్చున్నాను.

అతని ట్యాంకులో మిగిలిన పది కిలోల పైచిలుకు నా ట్యాంకులోకి ఎక్కించి, అతని పడవను అక్కడే వదిలేశాం. ఐదు మీద తిరిగి బయల్దేరాం. ఒక్కరికి చేసిన క్యాబిన్. మోకాళ్ళు మోకాళ్ళకు తగులుతున్నాయి. రెండేళ్ళు రోజూ మాట్లాడిన మాకు ఆ ఇరవై ఐదు గంటల్లో మాట దొరకలేదు. ఒకరి మొహం ఒకరం చూస్తూ ఏం చెప్పాలో ఇద్దరికీ తెలియలేదు. అతను కళ్ళు మూసుకుంటే మాత్రం కొంచెం వచ్చేది. కళ్ళు మూసుకునే వాళ్ళ ఊరి వాగు గురించి చెప్పాడు. నేను కిటికీలోకి చూస్తూ విన్నాను.

స్టేషన్‌కు చేరేసరికి సెల్లు అలారం మోగుతోంది. "వస్తున్నా" అంటూ పరిగెత్తాను. గొట్టంలో పొర కట్టింది, పగలలేదు. వేడినీళ్ళ గుడ్డలు చుట్టి కరిగించాను. వెనక గుమ్మంలో లింబాద్రి గోడ పట్టుకుని నిలబడి ఉన్నాడు, ఎవరితో మాట్లాడుతున్నావని అడిగాడు. ఎవరితోనూ కాదన్నాను.

నమోదు 624

వేళ్ళు నల్లబడ్డాయి. వలయం నుంచి డాక్టరు రేడియోలో చెబుతున్నట్టు కట్టు కడుతున్నాను. ఓడ వచ్చేదాకా కొయ్యవద్దని, తడి తగలనివ్వవద్దని చెప్పింది. నొప్పి తగ్గే మందు నా దగ్గర కొంచెమే ఉంది. దాన్ని రోజుకింతని పంచి పెట్టాను. అతను సగమే వేసుకుని, మిగతాది రేపటికి దాచుకుంటున్నాడు.

ఇంట్లో ఇంకో మనిషి ఉండడం ఇలా ఉంటుందని మరిచిపోయాను. గ్లాసు పెట్టిన చోట ఉండదు. తలుపు నేను వెయ్యకుండానే పడుతుంది. నిన్న ఉప్మా గిన్నె అడుగంటింది, మాడ్చింది నేను కాదు, అతను. దానికి కోపం తెచ్చుకుని ఒక పూట మాట్లాడలేదు నేను. ఒక పూట మాట్లాడకుండా ఉండడానికి పక్కన ఒక మనిషి ఉండాలి. అది తోచాక కోపం పోయింది.

ఎడమ చేత్తో రాయడం నేర్చుకుంటున్నాడు. పరీక్ష వలయం వాళ్ళు రేడియోలోనే పెడతామన్నారు.

నమోదు 640

పరీక్ష పాసయ్యాడు. ఒక ప్రశ్న తప్పు చేశాడు, అడిగినవాడి తప్పేనని ఇప్పటికీ వాదిస్తున్నాడు. నేను చూశాను, తప్పు ఇతనిదే.

నమోదు 652

ఓడ దిగింది. ఇద్దరు వచ్చారు, తొందరలో ఉన్నారు. నా ట్యాంకులోంచి ఆక్సిజన్ నింపుకున్నారు. అది లేకపోతే వాళ్ళు మళ్ళీ పైకి లేవలేరు. లింబాద్రి చేతికి ఆపరేషన్ వలయంలో చేస్తారు. తర్వాత అక్కడే ఉద్యోగం ఇస్తారు, రెండు వేళ్ళు లేకుండా పంపు పని కష్టం.

ఓడ ఎక్కే ముందు నాతో అన్నాడు: "నువ్వు గూడ రా అక్కా. జాగ ఉన్నదట, అడిగిన."

జాగా ఉన్న మాట నిజమే, నేనూ అడిగాను. కానీ నేను వెళితే సెల్లు ఆపాలి. సెల్లు ఆపితే వచ్చే ఓడ దిగగలదు, లేవలేదు. ఇంకొకరిని పంపుతామంటున్నారు, ఏడాది తర్వాత. ఇదంతా అతనికి తెలుసు. తెలిసే అడిగాడు. నేనూ తెలిసే, చూద్దాంలే అన్నాను.

ఓడ తలుపు దగ్గర ఎడమ చెయ్యి ఎత్తాడు. సూట్లలో ఉన్నాం, మొహాలు కనబడలేదు. ఓడ పొగమంచులోకి పోయాక కూడా చప్పుడు చాలాసేపు వినిపించింది. ఇక్కడి గాలి చిక్కన, చప్పుడు దూరం పోతుంది.

లోపలికి వచ్చి అతని గదిలో హీటరు తీసేద్దామని మీట దగ్గరకు పోయాను. తియ్యలేదు. ఒక గది హీటరుకు అయ్యే కరెంటు పెద్ద లెక్కేమీ కాదు.

నమోదు 653

మంచు కొట్టుకొచ్చాను. సెల్లు నింపాను. మాట్లాడలేదు.

నమోదు 655

మంచు. సెల్లు. పంపు వాల్వు ఒకటి బిగుసుకుంటే సరి చేశాను. రెండు గంటలకోసారి రేడియో వైపు చూస్తున్నాను. అవతలి ఒడ్డున ఎవరూ లేరని తెలుసు.

ఏడాదంటే ఎన్ని స్లెడ్జిల మంచో లెక్క కడదామని మొదలుపెట్టి, మధ్యలో ఆపేశాను.

నమోదు 658

వలయం తలమీదికి వచ్చినప్పుడు మాత్రమే గొంతు అందుతుంది, అదీ కాసేపే. మాటకూ మాటకూ మధ్య కొన్ని సెకన్లు ఆగాలి. ఇవాళ లింబాద్రి పిలిచాడు.

ఆపరేషన్ అయిందన్నాడు. మూడు వేళ్ళతో చెంచా పట్టుకుంటున్నాడట. గదిలో నలుగురుంటారట, ఒకాయన గురకకు నిద్ర పట్టడం లేదట. డ్యూటీ ఎక్కువన్నాడు. నేను ఇక్కడి సంగతులు చెప్పాను, వాల్వు గురించి చెప్పాను. అవి చెప్పేసరికి చెప్పవలసినవి అయిపోయాయి. ఇద్దరం ఆగాం.

ఆ ఆగినప్పుడు వినిపించింది. అతని వెనక ఏదో గలగల. గిన్నెల చప్పుడు, కుర్చీ జరిపిన చప్పుడు, ఎవరో ఎవరినో పేరు పెట్టి పిలవడం.

"ఎక్కడున్నావు?" అన్నాను.

కొన్ని సెకన్లకు జవాబొచ్చింది. "భోజనాల హాల్ల ఉన్న. ఈడ మస్తు లొల్లి అక్కా. వినవడుతలేదా? ఉండు, బయటికి పోయి మాట్లాడుత."

"వద్దు," అన్నాను. "అక్కడే ఉండు."

నా మాట అతనికి చేరడానికి పట్టే ఆ కొద్దిసేపూ మైకు అతని చేతిలో కదులుతున్న చప్పుడు, అడుగుల చప్పుడు వినిపించాయి. తర్వాత ఆగిపోయాయి. అతను ఎందుకని అడగలేదు. మైకును ఎక్కడో బల్ల మీద పెట్టినట్టున్నాడు, ఒక్కసారిగా అన్ని గొంతులూ దగ్గరయ్యాయి.

కుర్చీని రేడియో దగ్గరికి జరుపుకుని కూర్చున్నాను. ఒకామె ఎవరి మీదో విసుక్కుంటోంది, ప్లేటు కడగకుండా పెట్టినందుకు. ఇద్దరు మగవాళ్ళు ఒకేసారి మాట్లాడి, ఇద్దరూ ఆగి, నువ్వు చెప్పు అంటే నువ్వు చెప్పు అనుకున్నారు. ఎక్కడో మూలన ఎవరో తుమ్మారు. బల్లకు ఆ చివరి నుంచి ఎవరో ఎవరినో ఉప్పు అందించమని అడిగారు. వాళ్ళు అందించారు.